పంట మొక్కల్లో తెగులు తట్టుకునే జీన్‌ని పట్టుకోవడం ఎలా: స్కోరింగ్ నుంచి క్లోనింగ్ దాకా

తెగులు తట్టుకునే జీన్‌ని క్లోన్ చెయ్యాలనుకున్నవాళ్ళు (అంటే ఆ జీన్ ఏదో పట్టుకుని విడిగా తియ్యాలనుకున్నవాళ్ళు) మొదట అడిగేది డిఎన్‌ఏ చదివే ఏ సీక్వెన్సర్ వాడాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని. అది తర్వాత సంగతి. సీక్వెన్సింగ్ ఇప్పుడు డబ్బులు కడితే ఎవరైనా చేసిపెడతారు, కానీ ఈ మొక్క నిజంగా తెగులుని తట్టుకుందా లేక దీనికి అసలు తెగులు సరిగ్గా అంటనే లేదా అన్నది మాత్రం మీరే తేల్చాలి, అక్కడ తేడా వస్తే చేతిలో ఎంత మంచి జీనోమ్ ఉన్నా మొదటికే మోసం. అందుకే ఈ గైడ్‌లో చాలాసేపటి దాకా డిఎన్‌ఏ మాట పెద్దగా రాదు, విసుక్కోకుండా చదవండి.

ఒక ప్రధాన జీన్ ఉందని అనుమానం ఉండి దాన్ని మ్యాప్ చేద్దామని, అంటే క్రోమోజోమ్ మీద అది ఎక్కడుందో తేల్చుదామని అనుకుంటున్న పీజీ, పీహెచ్‌డీ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. చిన్న చిన్న ఎఫెక్ట్‌లు పది కలిసి వచ్చే నిరోధకత అయితే దారి కొంచెం వేరు, అది ఇక్కడ ముట్టుకోవట్లేదు.

1. ముందు తెగులు సంగతి తేల్చుకోండి

ఫ్లోర్ అనే ఆయన 1940ల్లో అవిసె మొక్క, దాని త్రుప్పు తెగులు మీద పనిచేసి ఒక విషయం తేల్చాడు. మొక్కలో తట్టుకునే జీన్ ఒకటుంటే తెగులు జీవిలో దానికి జోడీగా అవిరులెన్స్ జీన్ ఒకటి ఉంటుంది, ఈ రెండూ ఎదురుపడితేనే మొక్క గుర్తుపట్టి అడ్డుకుంటుంది. అంటే "ఈ రకం తట్టుకుంటుంది" అన్న మాటకి సగం అర్థమే ఉంది, తెగులు జీవిలో ఏ రేస్‌ని, అంటే ఏ ఉపరకాన్ని తట్టుకుంటుంది అన్నది కూడా చెప్తేనే మాట పూర్తవుతుంది.

కాబట్టి పొలంలోంచి మచ్చలున్న ఆకు తెచ్చి దాన్నే పిండి మొక్కల మీద చల్లడం కుదరదు, అందులో రెండు మూడు రేసులు కలిసి ఉండొచ్చు. ఫంగస్ అయితే ఒక్క స్పోర్ నుంచి, త్రుప్పు అయితే ఒక్క పొక్కు నుంచి, బ్యాక్టీరియా అయితే ఒక్క కాలనీ నుంచి పెంచిన కల్చర్ వాడండి. ఆ ఐసొలేట్ (అలా ఒక్కదాన్నుంచి పెంచిన తెగులు కల్చర్) మీ లొంగే పేరెంట్‌ని (క్రాస్‌లో వాడబోయే, తెగులు వచ్చే రకాన్ని) గట్టిగా పట్టాలి, తట్టుకునే పేరెంట్‌ని అస్సలు పట్టకూడదు, రెండిటి మధ్య తేడా దూరం నుంచి చూసినా తెలిసేలా ఉండాలి. "కొంచెం తక్కువ మచ్చలు" అన్న స్థాయి తేడాతో ఫైన్ మ్యాపింగ్‌కి (జీన్ ఉన్న చోటుని చిన్న ముక్కకి కుదించడానికి) దిగితే మధ్యలో ఇరుక్కుంటారు.

ఇంకో చిక్కు, మీ డోనర్ రకంలో, అంటే తట్టుకునే పేరెంట్‌లో, ఒకటి కాదు మూడు జీన్లు ఉండొచ్చు. ఒకే ఐసొలేట్‌తో చూస్తే అన్నీ కలిసి ఒకటే అన్నట్టు కనిపిస్తాయి. వేర్వేరు ఐసొలేట్లతో పరీక్షించి, తెలిసిన జీన్లని దాటేసే రేస్ దొరికితే దాన్ని వాడుకోవాలి. ఉగాండాలో 1998లో కనిపించిన యూజీ99 అనే కాండపు త్రుప్పు రేస్ గోధుమలోని ఎస్‌ఆర్31 నిరోధక జీన్‌ని దాటేసింది, రైతులకి అది చాలా చెడ్డ వార్త, కానీ మ్యాపింగ్ కోణంలో చూస్తే ఆ రేస్‌తో స్క్రీన్ చేసినప్పుడు ఎస్‌ఆర్31 అడ్డు లేకుండా దాని వెనక దాక్కున్న వేరే జీన్లు బయటపడతాయి.

మొక్క వయసు, ఉష్ణోగ్రత కూడా ఇప్పుడే తేల్చుకోండి. వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులుని ఆపే ఎక్స్‌ఏ21 నారు దశలో సరిగ్గా పనిచెయ్యదు, మొక్క ఎదిగాకే పూర్తి బలం చూపిస్తుంది. గోధుమలో ఆకు త్రుప్పుని ఆపే ఎల్‌ఆర్34 కూడా పెద్ద మొక్కలో పనిచేసే జీనే. పొగాకులో మొజాయిక్ వైరస్‌ని ఆపే ఎన్ జీన్ 28 డిగ్రీలు దాటితే చేతులెత్తేస్తుంది, గోధుమలో పసుపు త్రుప్పుని ఆపే వైఆర్36 దానికి తిరగబడి, వేడి ఎక్కువున్నప్పుడే బాగా పనిచేస్తుంది. వీటిల్లో ఏదైనా తెలియకుండా నారు దశలో, ఏదో ఒక గదిలో పరీక్ష పెడితే ఉన్న జీన్ లేనట్టు కనిపిస్తుంది.

2. తెగులు ఎక్కించడం, స్కోర్ చెయ్యడం

ఒక్కో తెగులుకి ఒక్కో పద్ధతి ఉంది, అవి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. వరి బ్యాక్టీరియా ఎండాకు తెగులుకి కత్తెరని బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి ఆకు కొన కత్తిరిస్తారు, మిల్లీలీటరుకి 10 కోట్ల సెల్స్ లేదా ఇంకాస్త ఎక్కువ గాఢత ఉండేలా చూసుకుని, రెండు వారాల తర్వాత ఎండిన భాగం పొడవు స్కేలుతో కొలుస్తారు. అగ్గి తెగులుకి మిల్లీలీటరుకి సుమారు లక్ష స్పోర్లు ఉన్న ద్రావణం స్ప్రే చేసి, ఒక రోజంతా చీకట్లో పూర్తి తేమలో ఉంచి, వారం రోజులకి మచ్చలు చూస్తారు. గోధుమ కాండపు త్రుప్పుకి స్టాక్‌మన్ వాళ్ళు పెట్టిన 0 నుంచి 4 స్కేలే ఇప్పటికీ వాడుతున్నారు, మామూలుగా 0, 1, 2 వస్తే తట్టుకున్నట్టు, 3, 4 వస్తే లొంగినట్టు.

స్కోరింగ్‌లో నేను గట్టిగా పట్టుకునే సూత్రం ఒకటుంది, ఈ గైడ్ మొత్తం దాని మీదే నడుస్తుంది. లొంగిన మొక్కని నమ్మొచ్చు, తట్టుకున్న మొక్కని వెంటనే నమ్మకూడదు. ఎందుకంటే మచ్చలు రావాలంటే తెగులు అంటాలి, తేమ కుదరాలి, ఉష్ణోగ్రత కుదరాలి, జీన్ లేకుండా ఉండాలి, ఇవన్నీ జరిగితేనే మచ్చలొస్తాయి. మచ్చలు రాకపోవడానికి మాత్రం ఇందులో ఏ ఒక్కటి తప్పినా చాలు. స్ప్రే తగలని మూల ట్రేలో ఉన్న మొక్క కూడా పచ్చగా, అమాయకంగా, తట్టుకున్నట్టే నిలబడి ఉంటుంది.

అందుకని ప్రతి ట్రేలో రెండు పేరెంట్లనీ పెట్టండి, లొంగే పేరెంట్‌కి తెగులు బాగా రాకపోతే ఆ ట్రే డేటా మొత్తం పక్కన పడేయండి, ఎంత కష్టపడి పెంచినా సరే. స్కోర్ చేసేవాళ్ళకి మార్కర్ (రెండు పేరెంట్ల డిఎన్‌ఏ తేడాని చూపించే గుర్తు) ఫలితాలు తెలియకూడదు, తెలిస్తే కళ్ళు ఆటోమేటిక్‌గా అటే లాగుతాయి. అనుమానం ఉన్న మొక్కకి ప్రశ్నార్థకం పెట్టి వదిలెయ్యండి. మ్యాపింగ్‌లో డేటా లేకపోవడం చిన్న నష్టం, తప్పు డేటా ఉండటం పెద్ద నష్టం. ఫోటోలు తీసి మొక్క నంబర్‌తో దాచుకోండి, ఏడాది తర్వాత ఒక్క మొక్క దగ్గర పేచీ వచ్చినప్పుడు అవే దిక్కు.

3. క్రాస్, పాపులేషన్, లెక్క

తట్టుకునే రకాన్ని లొంగే రకంతో క్రాస్ చేసి ఎఫ్1 (మొదటి తరం) తీసుకోండి, అది నిజంగా హైబ్రిడేనా లేక సెల్ఫ్ అయిన (తన పుప్పొడితోనే కట్టిన) గింజా అన్నది రెండు మూడు మార్కర్లతో చెక్ చేసుకోండి. ఎఫ్1 తట్టుకుంటే జీన్ డామినెంట్, లొంగితే రిసెసివ్. రిసెసివ్ నిరోధకత అరుదేమీ కాదు, వరిలో ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, బార్లీలో బూడిద తెగులుని ఆపే ఎంఎల్ఓ అన్నీ ఆ బాపతే. లొంగే పేరెంట్‌గా వీలైతే జీనోమ్ సీక్వెన్స్ ఉన్న రకాన్ని ఎంచుకోండి, తర్వాత చాలా పని తగ్గుతుంది.

ఎఫ్1ని సెల్ఫ్ చేస్తే వచ్చే ఎఫ్2లో ఒకే డామినెంట్ జీన్ అయితే మూడు తట్టుకునేవి, ఒకటి లొంగేది, అంటే 3:1 రావాలి. 1905లో బిఫెన్ గోధుమ పసుపు త్రుప్పు నిరోధకత మెండెల్ లెక్క ప్రకారమే వారసత్వంగా వస్తుందని చూపించినప్పటి నుంచీ ఇదే మొదటి పరీక్ష. 200 మొక్కల్లో 156 తట్టుకుని 44 లొంగాయనుకుందాం. ఉండాల్సింది 150, 50. వచ్చినవాటికీ ఉండాల్సినవాటికీ తేడా కొలిచే కై-స్క్వేర్ వేస్తే 0.96 వస్తుంది, హద్దు 3.84 కాబట్టి ఒకే జీన్ అని సంబరపడతాం. కానీ అవే అంకెలని 13:3తో, అంటే ఒక డామినెంట్, ఒక రిసెసివ్ జీన్ కలిస్తే వచ్చే నిష్పత్తితో పోల్చి చూడండి, సుమారు 1.39 వస్తుంది, అది కూడా పాసే! 200 మొక్కలతో ఈ రెండిటినీ విడదియ్యలేం. అందుకే ఎఫ్3 కుటుంబాలకి వెళ్ళాలి, ఒక్కో ఎఫ్2 మొక్క గింజల్ని విడిగా నాటి చూస్తే అంతా తట్టుకునేవి, రెండు రకాల మొక్కలూ కలిసి వచ్చేవి, అంతా లొంగేవి 1:2:1లో పడాలి, అప్పుడే ఒకే జీన్ అని ధైర్యంగా చెప్పొచ్చు.

ఒక్కో కుటుంబంలో ఎన్ని మొక్కలు చూడాలి అంటే కనీసం 16. కలిసి వచ్చే కుటుంబంలో 16 మొక్కలూ తట్టుకునేవే పడే అవకాశం వందలో ఒకటే, అంతకంటే తక్కువ నాటితే లెక్క తప్పే ప్రమాదం పెరుగుతుంది. మీ పంట తరం త్వరగా తిరిగేదైతే రీకాంబినెంట్ ఇన్‌బ్రెడ్ లైన్లు (ఎఫ్2 నుంచి తరతరాలుగా సెల్ఫ్ చేసి స్థిరపరిచినవి) కూడా చేసుకోండి, ఒకే జీనోటైప్‌ని పదిసార్లు పరీక్షించొచ్చు, స్కోరింగ్ భయం చాలావరకు పోతుంది. రోజుకి 22 గంటల వెలుతురు ఇచ్చే స్పీడ్ బ్రీడింగ్‌తో వసంతకాలపు గోధుమలో ఏడాదికి ఆరు తరాల దాకా తియ్యొచ్చు.

4. ఏ క్రోమోజోమ్ మీద ఉందో చూడటం

ఇది ఇప్పుడు అన్నిటికంటే సులువైన మెట్టు. 1991లో మైకెల్‌మోర్ బృందం లెట్యూస్‌లో చూపించిన బల్క్ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది, కాకపోతే అప్పటి మార్కర్ల బదులు ఇప్పుడు మొత్తం జీనోమ్ సీక్వెన్స్ చేస్తున్నాం. బాగా తట్టుకున్న 20, 30 మొక్కల డిఎన్‌ఏ సమానంగా కలిపి ఒక బల్క్, బాగా లొంగినవి అన్నే కలిపి ఇంకో బల్క్, రెండు పేరెంట్లు, అంతే.

ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అయ్యే విషయం ఒకటి. డామినెంట్ జీన్ అయితే లొంగిన బల్క్‌లో ఆ చోట డోనర్ అల్లీల్ (డోనర్ నుంచి వచ్చిన జీన్ రూపం) సున్నా ఉండాలి, కానీ తట్టుకున్న బల్క్‌లో అది 100 శాతం ఉండదు, మూడింట రెండు వంతులే ఉంటుంది, ఎందుకంటే అందులో హెటిరోజైగస్ మొక్కలు (రెండు పేరెంట్ల అల్లీల్సూ ఒక్కోటి ఉన్నవి) కూడా ఉన్నాయి కదా. సంబంధం లేని చోట్ల రెండు బల్క్‌లలోనూ సగం సగం ఉంటుంది. కాబట్టి గ్రాఫ్‌లో మీరు వెతకాల్సింది లొంగిన బల్క్ సున్నాకి పడిపోయిన చోటు. రిసెసివ్ అయితే ఇది మొత్తం తిరగబడుతుంది. లొంగిన బల్క్ సున్నాకి దగ్గరగా వచ్చి 0.1 దగ్గరే ఆగిపోతే రెండు మూడు మొక్కలు తప్పుగా అందులో కలిశాయని అర్థం, మళ్ళీ మొక్కల దగ్గరికి వెళ్ళండి, సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదు.

5. ఫైన్ మ్యాపింగ్

ఇప్పటికి కొన్ని మెగాబేస్‌ల ప్రాంతం తెలిసింది, అందులో వందలాది జీన్లు ఉండొచ్చు. ఇక్కడ మిమ్మల్ని ముందుకి తీసుకెళ్ళేది ఒక్కటే, రీకాంబినేషన్, అంటే గామీట్లు తయారయ్యేటప్పుడు రెండు పేరెంట్ల క్రోమోజోమ్‌లు క్రాసోవర్‌తో ముక్కలు మార్చుకోవడం. దానికి పెద్ద పాపులేషన్ కావాలి, అడ్డదారి లేదు.

లెక్క ఇలా ఉంటుంది. 1,000 ఎఫ్2 మొక్కలంటే 2,000 గామీట్లు, అందులో ఒక్క క్రాసోవర్ అంటే 0.05 సెంటీమోర్గాన్ (వంద గామీట్లలో ఒక క్రాసోవర్ పడేంత దూరం ఒక సెంటీమోర్గాన్). వరిలో సగటున ఒక సెంటీమోర్గాన్ అంటే సుమారు 250 కిలోబేస్‌లు కాబట్టి కాగితం మీద అది 12, 13 కిలోబేస్‌లు. ఇదంతా సగటు లెక్క, క్రాసోవర్లు క్రోమోజోమ్ అంతటా సమానంగా పడవు. గోధుమ జీనోమ్ సుమారు 16 గిగాబేస్‌లు, వరికి దాదాపు 40 రెట్లు, పైగా అందులో క్రాసోవర్లు ఎక్కువగా క్రోమోజోమ్ చివర్లలోనే పడతాయి, సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము) దగ్గర జీన్ ఉందంటే ఎన్ని వేల మొక్కలు చూసినా ఇంటర్వల్ (జీన్ ఉన్నట్టు తేలిన ప్రాంతం) కదలదు. అడవి బంధువు నుంచి తెచ్చిన ముక్క మీద ఉంటే ఇంకా కష్టం, ఎస్‌ఆర్31 ఉన్న రై అనే ధాన్యం క్రోమోజోమ్ భుజం గోధుమ క్రోమోజోమ్‌తో అసలు జత కట్టదు. అలాంటి చోట ఈ మెట్టు మీద పట్టుదలకి పోకండి, ఏడో మెట్టుకి దూకేయండి.

పని ఇలా చెయ్యండి. ఇంటర్వల్‌కి రెండు వైపులా ఒక్కో కాస్ప్ మార్కర్ (డిఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాని చూపించే పీసీఆర్ పరీక్ష) తయారుచేసుకోండి. వేల నారు మొక్కల నుంచి చిన్న ఆకు ముక్క తీసి ఈ రెండు మార్కర్లే రన్ చెయ్యండి, రెండూ ఒకేలా ఉన్న మొక్కల్ని పారెయ్యండి, తేడా ఉన్నవి మాత్రమే కుండీల్లోకి మార్చండి. వెయ్యి మొక్కల్లో మీకు పనికొచ్చేవి పదుల్లోనే ఉంటాయి, అవే బంగారం. డామినెంట్ జీన్ అయితే మంచి ఉపాయం ఒకటుంది, ముందు నారు మొత్తానికి తెగులు ఎక్కించి లొంగిన పావు వంతు మొక్కల్ని మాత్రమే జీనోటైప్ చెయ్యడం. వాటి దగ్గర జీన్ రెండు కాపీలూ లొంగేవే అని ముందే తెలుసు కాబట్టి, అందులో ఏ మార్కర్ హెటిరోజైగస్‌గా కనిపిస్తే జీన్ ఆ క్రాసోవర్‌కి ఇవతలి వైపు ఉన్నట్టే. ఒక్కటే జాగ్రత్త, తెగులు మొక్కని చంపేసేదైతే డిఎన్‌ఏకి ఆకు ముందే తీసి పెట్టుకోవాలి.

తట్టుకున్న రీకాంబినెంట్లని (ఇంటర్వల్‌లో క్రాసోవర్ పడ్డ మొక్కల్ని) మాత్రం వాటి గింజలు నాటి ప్రోజెనీ టెస్ట్ చెయ్యకుండా మ్యాప్‌లో పెట్టకండి. చివరికి ఇంటర్వల్ హద్దు ఎక్కడ గీస్తారన్నది ఎడమ వైపు ఒక్క మొక్క, కుడి వైపు ఒక్క మొక్క మీద ఆధారపడుతుంది. వాటిల్లో ఒకదాని స్కోర్ తప్పయితే అసలు జీన్ ఇంటర్వల్ బయటికి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత లోపల ఎంత వెతికినా కొండని తవ్వి ఎలుకని పట్టినట్టే. అందుకే కీలకమైన రీకాంబినెంట్లని కనీసం రెండుసార్లు, వేర్వేరు సమయాల్లో పరీక్షించండి, హద్దుకి ఒకే మొక్క కాకుండా రెండు మూడు ఉండేలా చూసుకోండి.

6. ఇంటర్వల్ లోపల ఏముందో చూడటం

రిఫరెన్స్ జీనోమ్ (ఆ పంటకి అందరూ వాడే ఒక రకం సీక్వెన్స్) తెరిచి ఆ ఇంటర్వల్‌లో ఉన్న జీన్ల లిస్టు తీసి, వాటిల్లో ఒకటి నాదే అనుకోవడం ఇక్కడ అందరూ చేసే పని. రిఫరెన్స్ మీ డోనర్ కాదు. తెగులు జీన్లు ఉండే చోట్లు రకానికీ రకానికీ విపరీతంగా మారతాయి, ఒక రకంలో మూడు కాపీలుంటే ఇంకో రకంలో తొమ్మిది ఉంటాయి, లొంగే రకంలో అసలు జీనే లేకపోవచ్చు. ఎక్స్‌ఏ21 ఓరైజా లాంగిస్టామినాటా అనే అడవి వరి నుంచి వచ్చింది, 2005లో పూర్తయిన నిప్పన్‌బారే అనే వరి రకం జీనోమ్‌లో ఆ జీన్ కోసం వెతికితే దాని దగ్గరి చుట్టాలు దొరుకుతారేమో గానీ అది దొరకదు.

కాబట్టి డోనర్ రకం ఇంటర్వల్ సీక్వెన్స్ మీ దగ్గర ఉండాలి. 1993లో టమాటాలో పీటీఓ అనే నిరోధక జీన్, 1995లో ఎక్స్‌ఏ21 క్లోన్ చేసినవాళ్ళు దీనికోసం పెద్ద ఇన్సర్ట్ లైబ్రరీలు (జీనోమ్‌ని పెద్ద ముక్కలుగా దాచిన క్లోన్ల సేకరణలు) కట్టి, క్లోన్లు ఒక్కొక్కటిగా వెతికి పట్టుకున్నారు. ఇప్పుడు పాక్‌బయో హైఫై అనే పొడవైన, ఖచ్చితమైన రీడ్లతో డోనర్ జీనోమ్ మొత్తం అసెంబుల్ చెయ్యొచ్చు, చిన్న జీనోమ్ ఉన్న పంటకి నా సలహా సూటిగా అదే, లైబ్రరీల జోలికి పోకండి. షార్ట్ రీడ్లతో మాత్రం ఈ ప్రాంతాల్ని అసెంబుల్ చెయ్యాలని చూడకండి, ఒకేలా ఉండే కాపీలన్నీ ఒకదాని మీద ఒకటి కూలిపోతాయి.

సీక్వెన్స్ చేతికొచ్చాక ముందు ఎన్‌ఎల్‌ఆర్ జీన్లు (తెగులు జీవిని కణం లోపల గుర్తుపట్టే ప్రొటీన్లు చేసేవి) చూడండి, ఇప్పటిదాకా క్లోన్ చేసిన నిరోధక జీన్లలో సగానికి పైగా ఆ కుటుంబమే. మామూలు జీన్ ప్రిడిక్షన్ వీటిని తరచూ ముక్కలు చేసేస్తుంది, ఎన్‌ఎల్‌ఆర్-యానొటేటర్ లాంటి టూల్ విడిగా నడపండి, ఆకు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్స్‌తో ఎక్సాన్లు సరిచూసుకోండి.

అలాగని ఎన్‌ఎల్‌ఆర్ కనిపించగానే వెతకడం ఆపేయొద్దు. ఎల్‌ఆర్34 పదార్థాలని పొర దాటించే ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్, ఎల్‌ఆర్67 చక్కెరని మోసే ప్రొటీన్, 1992లో నిరోధక జీన్లన్నిటిలో మొట్టమొదట క్లోన్ అయిన మొక్కజొన్న హెచ్‌ఎం1 అయితే ఫంగస్ విషాన్ని విరిచేసే ఎంజైమ్. తేడా ప్రొటీన్‌లోనే ఉండాలని కూడా లేదు. అగ్గి తెగులుకి పి-టా తట్టుకునే, లొంగే అల్లీల్స్ మధ్య అసలు తేడా ఒక్క అమైనో ఆసిడ్, కానీ ఎక్స్‌ఏ27లో రెండు అల్లీల్స్ ప్రొటీన్ ఒకటే, తేడా అంతా ప్రొమోటర్‌లో (జీన్‌ని ఆన్ చేసే డిఎన్‌ఏ భాగంలో) ఉంది, బ్యాక్టీరియా ప్రొటీన్ వచ్చి తట్టుకునే రకంలోనే ఆ జీన్‌ని ఆన్ చేస్తుంది. అందుకే తెగులు ఎక్కించక ముందు, ఎక్కించాక కొన్ని టైమ్ పాయింట్లలో ఎక్స్‌ప్రెషన్ చూడటం మంచిది.

7. మ్యాప్ కదలనప్పుడు: మ్యుటెంట్ దారి

తట్టుకునే రకం గింజల్ని డిఎన్‌ఏలో మార్పులు తెచ్చే ఇఎంఎస్ అనే రసాయనంలో నానబెట్టి, ఎం2 (రెండో తరం) కుటుంబాల్లో లొంగిపోయిన మొక్కల్ని వెతకండి. డోస్ ఎంత అన్నది ముందు కొద్ది గింజలతో చూసుకోవాలి, రకాన్ని బట్టి మారుతుంది. ఇఎంఎస్ విషం, ఫ్యూమ్ హుడ్, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

లొంగిన మొక్క దొరకగానే అది మ్యుటెంటేనా, పక్క రకం గింజ కలిసిందా, పుప్పొడి ఎగిరొచ్చి పడిందా అని మార్కర్లతో చెక్ చెయ్యండి. లొంగిన మొక్కని నమ్మొచ్చు అన్న నా సూత్రానికి మినహాయింపు ఇదొక్కటే. స్వతంత్రంగా పుట్టిన మ్యుటెంట్లు అయిదారు ఉంటే, ఎన్‌ఎల్‌ఆర్ జీన్లని మాత్రమే ప్రోబ్‌లతో పట్టుకుని సీక్వెన్స్ చేసి, అన్ని మ్యుటెంట్లలోనూ మార్పు పడిన ఒకే ఒక్క కాంటిగ్‌ని (రీడ్లు అతికించి కట్టిన డిఎన్‌ఏ ముక్కని) వెతుకుతారు, మార్పులు కూడా ఇఎంఎస్ మామూలుగా చేసే జి నుంచి ఏ, సి నుంచి టి రకంగానే ఉండాలి. మట్‌రెన్‌సీక్ అనే ఈ పద్ధతితో 2016లో గోధుమ ఎస్‌ఆర్22, ఎస్‌ఆర్45 క్లోన్ చేశారు, ఫైన్ మ్యాపింగ్ లేకుండానే.

ఇందులో రెండు లోపాలున్నాయి. మీ జీన్ ఎన్‌ఎల్‌ఆర్ కాకపోతే ప్రోబ్‌లకి అసలు చిక్కదు. రెండోది, ఆ జీన్ పనిచెయ్యడానికి తోడుండాల్సిన వేరే జీన్ పాడైనా మొక్క లొంగుతుంది, టమాటాలో పీటీఓకి పీఆర్‌ఎఫ్ అనే జీన్ తోడు లేకపోతే పనిచెయ్యదు కదా. అందుకని మ్యుటెంట్లని ఒకదానితో ఒకటి క్రాస్ చేసి చూడండి, ఎఫ్1 లొంగితే రెండూ ఒకే జీన్‌లో మ్యుటెంట్లు, తట్టుకుంటే వేర్వేరు జీన్లు. డామినెంట్ నిరోధకతకి ఈ పరీక్ష చక్కగా సరిపోతుంది.

8. అదే జీన్ అని నిరూపించడం

క్యాండిడేట్ దొరికింది, కానీ ఇప్పటిదాకా ఉన్నది అనుమానమే. లొంగే రకంలోకి ఆ జీన్‌ని దాని సొంత ప్రొమోటర్, టెర్మినేటర్‌తో సహా ఎక్కించి తట్టుకుంటుందో లేదో చూడాలి. గట్టిగా పనిచేసే వేరే ప్రొమోటర్ పెట్టడం నాకు ఇష్టం ఉండదు, ఎన్‌ఎల్‌ఆర్‌ని అతిగా నడిపిస్తే తెగులు లేకుండానే కణాలు చచ్చి మొక్క గిడసబారిపోతుంది, ఆ ఫలితాన్ని ఎలా చదవాలో తెలియదు. ట్రాన్స్‌జెనిక్ పనికి మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే తీసుకోండి, అది నెలలు పట్టొచ్చు.

ఒక్క లైన్ తట్టుకుంటే సరిపోదు, స్వతంత్రమైన లైన్లు అనేకం కావాలి, టి1 తరంలో (ట్రాన్స్‌జెనిక్ మొక్క పిల్లల్లో) జీన్ ఉన్న మొక్కలు తట్టుకుని లేనివి లొంగాలి. ఇంకో పరీక్ష చాలామంది వదిలేస్తారు, అసలు డోనర్‌ని కూడా పట్టే రేస్‌ని ఈ ట్రాన్స్‌జెనిక్ మీద ఎక్కించి చూడటం. దానికి కూడా లొంగకపోతే మీ మొక్క జీన్ వల్ల కాదు, వేరే ఏదో ఒత్తిడి వల్ల తట్టుకుంటోందని అనుమానించాలి. తిరగేసి చూడటానికి డోనర్‌లో క్రిస్పర్ అనే జీన్ ఎడిటింగ్‌తో ఆ జీన్ తెంపి లొంగుతుందో లేదో చూడండి, మ్యుటెంట్లు ముందే ఉంటే అవి కూడా ఇదే సాక్ష్యం. వైరస్‌తో జీన్‌ని అణచడం త్వరగా అయిపోతుంది గానీ దగ్గరి చుట్టాల జీన్లు కూడా కలిసి అణిగిపోవచ్చు, దాన్ని సూచనగానే తీసుకోండి.

ఒక్క జీన్‌తో ఏమీ జరగకపోతే పక్కనే తలకిందులుగా నిలబడ్డ ఇంకో ఎన్‌ఎల్‌ఆర్ ఉందేమో చూడండి. వరిలో పియా అనే అగ్గి తెగులు నిరోధకతకి ఆర్‌జీఏ4, ఆర్‌జీఏ5 రెండూ కావాలి, ఒకటే ఎక్కిస్తే ఫలితం సున్నా.

9. చేతికొచ్చాక

కారణమైన మార్పు మీదే మార్కర్ తయారుచెయ్యండి, పక్కనున్న ఎస్‌ఎన్‌పి (ఒక్క అక్షరం తేడా) మీద కాదు. పక్క మార్కర్ మీ క్రాస్‌లో బ్రహ్మాండంగా పనిచేసి వేరే బ్రీడింగ్ లైన్లలో అబద్ధం చెప్తుంది. ఆ మార్కర్‌ని బ్రీడర్లకి ఇచ్చే ముందు, జీన్ ఉందని, లేదని ముందే తెలిసిన పాత రకాల మీద నడిపి, వాటి తెగులు స్కోర్‌తో కలుస్తుందో లేదో చూడండి.

ఒక్క జీన్‌నే పొలంలోకి వదిలితే తెగులు దాన్ని దాటేయడానికి ఎక్కువ కాలం పట్టదు, అందుకని జీన్లని గుత్తిగా పెట్టడం మీద పని నడుస్తోంది, 2021లో అయిదు కాండపు త్రుప్పు జీన్లని ఒకే కాసెట్‌గా గోధుమలోకి ఎక్కించి చూపించారు. అవన్నీ ఒకే చోట ఉంటే విడిపోవు, బ్రీడర్‌కి ఒకే జీన్‌తో పనిచేసినంత తేలిక. మామూలు క్రాసింగ్‌తో పిరమిడ్ చేసేవాళ్ళకి (ఒకే రకంలో జీన్లు పోగేసేవాళ్ళకి) మాత్రం చిక్కు ఉంది, రెండు జీన్లున్న మొక్క, ఒకటే ఉన్న మొక్క తెగులు పరీక్షలో ఒకేలా కనిపిస్తాయి, అక్కడ మార్కర్ తప్ప వేరే దారి లేదు.

వాడిన ఐసొలేట్‌ని మైనస్ 80లో కనీసం రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టండి, రీకాంబినెంట్ల గింజలు నంబర్లతో సహా దాచండి, మీ తర్వాత అవిరులెన్స్ జీన్ వెతికేవాళ్ళు మొదట అడిగేవి ఆ రెండే.